ఏ బండి కొనవలెను?

ఆరేడు లక్షల వెలలో పెట్రోలుతో నడచు చిన్న ఎస్.యూ.వీ. యొకటి కొనదలచిన గృహస్థుడు, పట్టణములోని విక్రయశాలలన్నియు తిరిగి, తుదకు తరచుగా రెండు పేరులవద్ద నిలిచిపోవుచున్నాడు. ఒకటి టాటావారి పంచ్. రెండవది హ్యుందాయివారి ఎక్స్‌టర్. మొదటిది 2021 అక్టోబరులోను, రెండవది 2023 జూలైలోను అంగడికి వచ్చినవి. విడుదలనాటి ప్రారంభపు వెలలు వరుసగా 5.49 లక్షలు, 5.99 లక్షల రూపాయలు. పఠనమందిరములలోను, కచేరీ వరండాలలోను, పెండ్లిపందిళ్లలో సయితము ఈ రెండింటిని గూర్చి వాదములు జరుగుచున్నవి. వాదము మంచిదే. కాని అది జరుగవలసిన చోట జరుగుటలేదని మా అభిప్రాయము. రంగును గూర్చియు, తెరను గూర్చియు, పైకప్పులోని కిటికీని గూర్చియు గంటలకొలది మాటలాడువారు, బండి దేనినైనను గ్రుద్దుకొన్న క్షణమున లోపలి బిడ్డల గతి యేమగునని ఒక్క నిమిషమైనను విచారించుట లేదు.

ముందుగా పేరు సంగతి. కొండదారులలోను, అడవి బాటలలోను నాలుగు చక్రములకును శక్తినిచ్చి నడపదగిన బండ్లను తలపించు పేరిది. ఈ రెండింటిలో ఏదియు అట్టిది కాదు. రెండింటను ఇంజను శక్తి ముందరి చక్రములకే చేరును. పొడవు చూడుడు: పంచ్ 3827 మిల్లీమీటర్లు, ఎక్స్‌టర్ 3815. ఇంజనుల పరిమాణము చూడుడు: ఒకటి 1199 ఘనపు సెంటీమీటర్లు, ఒకటి 1197. ఈ కొలతలు శిల్పుల ఇష్టముచే ఏర్పడినవి కావు. పన్నుల చట్టముచే ఏర్పడినవి. నాలుగు మీటర్లకు మించని పొడవును, 1200కు మించని పెట్రోలు ఇంజనును గల బండ్లకు 2006 బడ్జెట్టులో సుంకము తగ్గించినది మొదలు, మన దేశమున చిన్నకార్లన్నియు ఆ గీతకు లోబడి కత్తిరింపబడుచున్నవి. 2025 సెప్టెంబరు 22 నుండి ఈ తరగతిపై జీఎస్‌టీ నూటికి 28 నుండి 18కి దిగినది. కావున మనము కొనుచున్నది కాస్త ఎత్తు పెంచిన చిన్నకారు మాత్రమే. ఆ ఎత్తు వ్యర్థమని మేమనము. నేలకును బండి అడుగునకును నడుమ ఒకదానికి 187, మరియొకదానికి 185 మిల్లీమీటర్ల యెడము గలదు. వానకాలమున మన పురపాలకసంఘములవారు పోషించుచున్న గుంతలకును, వీధివారు తమ ఇచ్చవచ్చినట్లు కట్టుకొన్న స్పీడుబ్రేకర్లకును అది మిగుల ఉపకరించును. మోకాళ్లనొప్పులుగల పెద్దవారు నడుము వంచకయే ఎక్కి దిగగలుగుదురు. అంతకుమించిన వీరత్వము నీ బండ్లకు ఆరోపింపనక్కరలేదు.

ఇంక ఇంజను. పంచ్‌లో మూడు సిలిండర్లు, ఎక్స్‌టర్‌లో నాలుగు. ఇది ఉపేక్షింపదగిన భేదము కాదు. నాలుగు సిలిండర్ల యందు పిస్టన్లు రెండు పైకి పోవునప్పుడు రెండు క్రిందికి వచ్చుచు, కుదుపును చాలవరకు తమలో తామే అణచుకొనును. మూడింటికి ఆ పొత్తు సరిగా కుదరదు. అందువలన సిగ్నలువద్ద ఆగిన పంచ్‌లో ఒక సన్నని వణకు కూర్చున్నవారికి తెలియును. ఎక్స్‌టర్ అచ్చట మెత్తగా నుండును. పక్షపాతముతో దీనిని కాదనువారు రెండింటిని ఒకే దినమున నడిపి చూతురుగాక. శక్తిలో పెద్ద తేడా లేదు: తొలినాటి లెక్కలలో పంచ్‌కు 86, ఎక్స్‌టర్‌కు 83 అశ్వశక్తులు. ఐదుగురు కూర్చుండి, సామాను నింపి, ఏసీ వేసికొని తిరుమల ఘాటు ఎక్కునపుడు రెండును ఆయాసపడును. క్లచ్చి లేని ఏ.ఎం.టీ. రకము కోరువారు ఒక విషయము తెలిసికొనవలెను. అది వేరొక గొప్ప గేరుపెట్టె కాదు. మామూలు గేరుపెట్టెయే, మన ఎడమకాలి పనిని, చేతి పనిని ఒక చిన్న యంత్రము చేయును. గేరు మారునపుడు క్షణకాలము బండి నిట్టూర్చినట్లుండును. విక్రయశాలవారు చూపు నాలుగు వీధుల సమతలమున గాక, పూర్తి బరువుతో ఫ్లైఓవరు మీద దానిని పరీక్షించుట యుక్తము.

మైలేజిని గూర్చి మన సోదరులకు గల ఆతురత చూడ మాకు నవ్వు వచ్చును. మామూలు గేర్ల రకమునకు విడుదలనాడు ప్రకటించిన అధికార పరీక్షల లెక్క పంచ్‌కు లీటరునకు 18.97 కిలోమీటర్లు, ఎక్స్‌టర్‌కు 19.4. సంవత్సరమునకు పదివేల కిలోమీటర్లు తిరుగు కుటుంబమునకు ఈ భేదమువలన మిగులునది పండ్రెండు లీటర్లు! దీనికై ఇరువురు మిత్రులు మాటలు మానివేయుట మే మెరుగుదుము. అసలు నష్టము వేరొకచోట గలదు. ఏడు లక్షల రూపాయలు నూటికి 9 వడ్డీచొప్పున అప్పు తెచ్చి ఐదేండ్లలో తీర్చినచో నెలకు సుమారు 14,530 రూపాయలు కట్టవలెను. ఏడేండ్లకు పొడిగించినచో 11,260 చాలును. వాయిదా తగ్గినదని సంతోషించుటయే గాని, వడ్డీ రూపమున అదనముగా 74 వేలు పోవుచున్నదని గుర్తించువారు అరుదు. పండ్రెండు లీటర్ల పెట్రోలునకు తర్కించు గృహస్థుడు ఈ కాగితముపై మాత్రము చదువకయే సంతకము చేయుచున్నాడు.

స్వదేశీ ప్రశ్నను తప్పించుకొని పోవుట మాకు తగదు. 1998లో ఒకే సంవత్సరమున టాటావారు తమ ఇండికాను, హ్యుందాయివారు శ్రీపెరుంబుదూరులో చేసిన సాంట్రోను దేశమున కందించిరి. నాటినుండియు ఈ రెండు ఇండ్ల పోటీ సాగుచున్నది. ఎక్స్‌టర్ సయితము ఈ దేశముననే, ఈ దేశపు కార్మికుల చేతులతోనే తయారగుచున్నది. హ్యుందాయి కుటుంబమునకు చెందిన కియా కర్మాగారము 2019లో మన పెనుకొండలో పని ప్రారంభించి, రాయలసీమ యువకుల కెందరికో జీవనోపాధి కల్పించినది. లాభమెచ్చటికి పోవునన్న మాట నిజమే. 2024 అక్టోబరులో హ్యుందాయి భారతశాఖవారు వాటాలను ప్రజలకు విక్రయించినపుడు నూటికి 17.5 వంతులే విక్రయించిరి. తక్కినవి కొరియాలోని మాతృసంస్థవద్దనే నిలిచినవి. అయితే 2008లో జాగ్వార్ లాండ్ రోవర్‌ను కొన్న టాటావారు ఇంగ్లాండులో కార్లు చేయించుటను మనము గర్వముగా చెప్పుకొనుచున్నాము గదా. మనవారు పరదేశమున చేసినది ఘనకార్యమును, పరదేశీయులు మనదేశమున చేసినది దోపిడియు నగునా? రెండు వస్తువులు సమానములైనపుడు మనవారిదానిని కొనుట ధర్మమే. కాని సమానములా కావా యని విచారింపకయే స్వదేశీ యను మాటను త్రాసులో వేయుట ఆ మాటకే గౌరవము కాదు.

అందుచే అసలు విచారణకు వత్తము. 2022లో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించిరి. దినమునకు 460 మందికి పైమాట. ఈ లెక్క ముందుంచుకొని చూచినచో ఎక్స్‌టర్‌ను విడుదల చేయునపుడు హ్యుందాయివారు అన్ని రకములకును ఆరు ఎయిర్‌బ్యాగులు అమర్చుట మెచ్చదగిన పని. పంచ్ 2021లో రెండింటితోనే వచ్చినది. అయినను సంచుల సంఖ్యయే రక్ష యనుకొనరాదు. సంచి తెరచుకొనునప్పటికి చుట్టునున్న ఇనుపగూడు నలగక నిలువవలెను. అది నలిగినచో ఆరు సంచులును కాళ్లను, రొమ్మును కాపాడజాలవు. గూటి బలమును కంటితో కనుగొనుట యెవ్వరితరము కాదు. తలుపు వేసినపుడు గంభీరమగు చప్పుడు వచ్చినదని బండి గట్టిదని నిర్ణయించువారికి మా నమస్కారము. బండిని గంటకు 64 కిలోమీటర్ల వేగమున అడ్డముపైకి పంపి చూచుటయే దానికి గల మార్గము. గ్లోబల్ ఎన్‌క్యాప్‌వారు 2021లో పంచ్‌ను అట్లు పరీక్షించిరి. ఆ రెండు ఎయిర్‌బ్యాగుల బండికే పెద్దల రక్షణలో 17కు 16.45 గుణములతో ఐదు నక్షత్రములును, పిల్లల రక్షణలో 49కి 40.89తో నాలుగు నక్షత్రములును వచ్చినవి. గూడు స్థిరముగా నిలిచినదని వారు వ్రాసిరి. ఆ సంస్థవారు 2022లో తమ నిబంధనలను కఠినము చేసిరి గనుక, 2021 నాటి నక్షత్రమును తరువాతి నక్షత్రముతో సరితూచరాదు. మన ప్రభుత్వము 2023 అక్టోబరు 1 నుండి భారత్ ఎన్‌క్యాప్ నెలకొల్పినది. కాని బండిని ఆ పరీక్షకు పంపుట తయారుచేసినవారి ఇష్టమునకే విడువబడినది. ఇది మాకు సమ్మతము కాదు. బియ్యపు బస్తామీద తూకము వ్రాయుట వర్తకుని ఇష్టమునకు విడుతుమా?

మా ఎన్నిక పంచ్. వణకును, తొలినాటి తక్కువ సంచులును లెక్కించిన పిమ్మటనే ఈ మాట చెప్పుచున్నాము. అంగడికి వచ్చిన నెలలోనే దాని గూటి పరీక్షాఫలితము లోకమునకు వెల్లడియైనది. కుటుంబముతో రాజమార్గములపై తిరుగువానికి అంతకన్న ముఖ్యమగు గుణము లేదు. ఊరు దాటక, బడికిని కచేరికిని నెమ్మదిగా పోయివచ్చువారు ఎక్స్‌టర్ మెత్తదనమును, 366 లీటర్లకు బదులు 391 లీటర్ల సామాను చోటును కోరుట తప్పు కాదు. ఏ బండినైనను, తాము కొనబోవు రకము ఏ సంవత్సరమున, ఏ పరీక్షలో ఎన్ని నక్షత్రములు పొందినదో కాగితము చూపుమని అడిగిన పిమ్మటనే బయానా చెల్లింపవలెను. పైకప్పు కిటికీకై వేలు పోయువారు రెంటచింతల ఎండను ఒకమారు తలచుకొందురుగాక. అందులోనుండి తల బయటికి పెట్టి నిలుచు పిల్లలను చూడ మాకు గుండె ఝల్లుమనును.

బండి యింటికి వచ్చిన దినమున మరియొక పని గలదు. 2022 సెప్టెంబరు 4న టాటా సన్స్ మాజీ అధ్యక్షులు సైరస్ మిస్త్రీ పాల్ఘర్ వద్ద మరణించినపుడు ఆయన ప్రయాణించినది మిగుల విలువగల జర్మను బండి. కూర్చున్నది వెనుక సీటున. పట్టీ పెట్టుకొనలేదని పోలీసులు చెప్పిరి. మన ఊళ్లలో సీటు కవర్లు కుట్టువారు వెనుక పట్టీల బిగింపులను గుడ్డక్రింద దాచివేయుట సాధారణము. కవర్లు వేయించునపుడు దగ్గర నిలిచి, మూడు బిగింపులును పైకి కనబడునట్లు కుట్టించుకొనవలెను.