ప్రసూతిశాల ద్వారమువద్ద

తొలికాన్పునకు కూతును పుట్టినింటికి గొనివచ్చుట మన కృష్ణాతీరమున నేటికిని చెక్కుచెదరని యాచారము. నొప్పులవేళ కన్నతల్లి చేయి అందుబాటున నుండవలెనని గదా పెద్దలు దానిని నెలకొల్పిరి. అట్లు తెచ్చుకొన్న బిడ్డను, సరిగా ఆ చేయి కావలసిన గడియయందే, ఆసుపత్రి తలుపు మ్రింగివేయుచున్నది. కూతురు లోపల, తల్లి వెలుపల; నడుమ నొక కావలివాడు.

2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేనుబట్టి ఆంధ్రప్రదేశమున నూటికి 96.5 కాన్పులు వైద్యశాలలలోనే జరుగుచున్నవి. ఇది సామాన్యమైన విజయము కాదు. గాలి చొరని గదిలో, త్రుప్పుపట్టిన కొడవలితో బొడ్డుకోసిన దినములు మరల రావలెనని ఎవ్వరును కోరరు. మంత్రసాని హస్తవాసిని పొగడువారు ఆమె చేతిలో పోయిన ప్రాణములను లెక్కింపరు. అయినను ఆమెయందున్న యొక గుణము ఆసుపత్రులకు అబ్బలేదు. నొప్పులు పడుచున్న దానిని ఒంటరిగా విడిచి ఆమె లేచిపోయెడిది కాదు.

కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారి కుమార్తె డాక్టరు అచ్చమాంబగారు బెజవాడలో వైద్యము చేయుచు ప్రసూతి శిశుపోషణములను గూర్చి తెలుగున గ్రంథము వ్రాసిరి. 1957లో ఈ నగరమునుండియే లోకసభకు ఎన్నికైరి. తన శరీరమున జరుగుచున్నది స్త్రీకి తన భాషలో తెలియవలెనను నమ్మకము లేక అట్టి గ్రంథము పుట్టదు. నేడు ప్రసవపు గదిలో ఆ తల్లికి ఎవరేమి చెప్పుచున్నారు? "అరవకు" అనుమాట తప్ప వేరొకటి వినలేదని చెప్పిన స్త్రీలు అనేకులు. ఈ సర్వేలోనే మన రాష్ట్రమున నూటికి 42.4 కాన్పులు శస్త్రచికిత్సతో జరిగినట్లున్నది. కోత ఎందుకో తెలియకయే వ్రేలిముద్ర వేసిన వారెందరో ఆ లెక్కలో లేదు. రోగికి విషయమును వివరించి పొందినదే సమ్మతి యని సుప్రీముకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసున తీర్పు చెప్పియేయున్నది.

తోడు విషయమునను నియమము లేకపోలేదు. ప్రభుత్వాసుపత్రులలో ప్రసవమువేళ తోడుగా ఒకరిని అనుమతింపవలెనని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో నిర్ణయించినది. 2017 డిసెంబరులో వెలువడిన 'లక్ష్య' కార్యక్రమమున దానినే మరల చెప్పినది. బెజవాడ పాత ప్రభుత్వాసుపత్రివంటి బోధనాసుపత్రులు మొదలు, కాన్పులు విరివిగా జరుగు సామాజిక ఆరోగ్యకేంద్రముల వరకు ఈ కార్యక్రమపు పరిధిలోనివే. గర్భిణి తాను కోరుకొన్న తోడును పొందవలెనని ప్రపంచారోగ్యసంస్థయు 2018లో సిఫారసు చేసినది. ఇది కేవలము జాలిమాట కాదు. అనేక దేశములలో 15 వేలకు పైబడిన స్త్రీలపై జరిగిన పరిశోధనలను కూర్చి చూడగా, ఎడతెగని తోడు కలిగిన వారికి నొప్పుల కాలము తగ్గినదనియు, కోత అవసరము తగ్గినదనియు తేలినది.

వైద్యులు చెప్పు అభ్యంతరములను త్రోసివేయరాదు. గది ఇరుకు, ప్రక్కమంచముపై వేరొక స్త్రీ, ఒక్క నర్సునకు పదిమంది రోగులు, అంటువ్యాధుల భయము, పసికందుల దొంగల భయము. నిజమే. కాని నియమమున వీనికి సమాధానము లేకపోలేదు. తోడు వచ్చునది కాన్పు ఎరిగిన స్త్రీయై యుండుట మేలు. అంటురోగము లేక, శుభ్రవస్త్రము ధరించి, సిబ్బంది పనికి అడ్డుపడక యుండవలెను. పది తెరగుడ్డలు, ఒక గుర్తింపుచీటి, ఇంతియే వ్యయము. కావలి యున్నంతనే రక్షణ యున్నదనుకొనుట భ్రమ. 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ఒక పసికందు ఎలుకకాట్లకు గురియై మరణించెను. బంధువుల నాపు తలుపు ఎలుకల నాపలేదు.

మూసిన తలుపునకు మరియొక ప్రయోజనము కలదు. అది తెరచుటకు వెల కట్టవచ్చును. కంకిపాడు ప్రాంతపు కూలీ యొకడు నాయొద్దకు వచ్చి, మనుమని ముఖము చూపుటకు తనవద్ద ఎంత గుంజిరో చెప్పుకొనెను. మగబిడ్డకొక ధర, ఆడబిడ్డకొక ధర యట. ఏ ఆసుపత్రియో చెప్పను. చెప్పినచో తక్కినవన్నియు పరిశుద్ధములని చదువరులు తలపవచ్చును. 2011 జూన్ 1న ఆరంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము ప్రకారము కాన్పు, కోత, మందులు, రక్తము, భోజనము, రాకపోకల వాహనము సర్వము ఉచితము. ఈ సంగతి చెప్పి ఫిర్యాదు వ్రాయ బూనగా అతడు నా చేయి పట్టుకొని, "వద్దు బాబూ, చిన్నదాని కాన్పు కూడ అక్కడనే గదా" అనెను. కాగితము అట్లే యున్నది.

ఇట్టివాని పేరు బయటపడకుండ ఫిర్యాదు నడచు మార్గము ఆసుపత్రి అభివృద్ధి సంఘములు కల్పింపవలెను. తోడు నియమమును, ఉచిత సదుపాయములను తెలుగున పెద్దయక్షరములతో వ్రాసి ప్రసవగది వాకిట వ్రేలాడదీయుటకు కొత్త జీవో అక్కరలేదు. పర్యవేక్షణాధికారి ఆజ్ఞ చాలును. ఆ పలక ఏ యాసుపత్రిలో నున్నదో, ఎచ్చట లేదో చూచి వచ్చుటకు మా కార్యకర్తలు ఈ మాసమున బయలుదేరుచున్నారు. అర్జీ వ్రాయనేరని వారికి వ్రాసిపెట్టుటకు మా న్యాయవాదులలో కొందరము సిద్ధముగ నున్నాము. రుసుము లేదు.