కోనసీమలో విషపు పీపాలు

పాశర్లపూడి చమురుబావి 1995 జనవరిలో అంటుకొని 65 దినములు మండినది. నగరము గ్రామమున గ్యాసుగొట్టము 2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున పేలి ఇరువదిమందికి పైగా ప్రజలను బలిగొన్నది. మంట కంటికి కనబడును గనుక అధికారులు పరుగున వచ్చిరి, మంత్రులు వచ్చిరి, పరిహారములు ప్రకటింపబడినవి. మంటయు చప్పుడును లేక మూలబడియుండు తుప్పుపీపాకొఱ కెవరు వత్తురు?

బావుల త్రవ్వకమున నూనె కలిసిన బురద, వాడిన కందెన నూనె, రసాయనములంటిన ఖాళీ డ్రమ్ములు మిగులును. 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకార మివి ప్రమాదకర వ్యర్థములు. పుట్టినచోట సామాన్యముగా 90 దినములకు మించి నిలువయుంచరాదు. పీపాపై లోనున్నదేమో వ్రాయవలయును. తరలింపునకు ఏడు రంగుల ప్రతులతో పత్రము వ్రాయవలయును. కారినచో ఏమి చేయవలెనో తెలుపు చీటి లారీ నడుపువానికి ఈయవలయును. చట్టము మంచిదే. దానిని వ్రాసినవారు మన లంకలను చూచినట్లు మాత్రము లేదు.

1986 ఆగస్టులోను, 2022 జూలైలోను గోదావరి ఈ లంకలను ముంచెత్తినది. నూనె నీటికన్న తేలిక; బిగించిన నూనెపీపా వరదలో తేలి ఊరూరు తిరుగగలదు. సముద్రపు ఉప్పుగాలికి ఇనుము త్వరగా తినివేయబడును. కనుక ఇక్కడి కొట్టునకు పైకప్పు, సిమెంటు గచ్చు, కారినది పొర్లిపోకుండ చుట్టును గట్టు ఉన్నంతమాత్రమున చాలదు. గచ్చు వరదమట్టమునకు మీదుగా నుండవలయును. పీపాలు నేలకానక చెక్కలపై నిలువుగా నిలిచి గొలుసులతో కట్టబడియుండవలయును. ఆమ్లము ప్రక్కన క్షారము నుంచుట శుద్ధ అవివేకము. వానకాలమునకు ముందే విశాఖ సమీపమున పరవాడలోనున్నట్టి పరిష్కారస్థలమునకు పంపివేయుట అన్నిటికంటె మేలు. లారీ పోవు దారియు ముఖ్యమే. ఇరుకు కాలువగట్టుపై ఒక్క బండి బోల్తాపడినచో చెడునది చేలు మాత్రమే కాదు. కాలువలు కట్టివేయుటకు ముందు ఊరి మంచినీళ్ల చెరువులను నింపుకొనునది ఆ నీటితోనే గదా!

ఇక మన సంగతి. చవుకగా వచ్చినదని ఖాళీ డ్రమ్ము కొని, కడిగి, వాడుకనీరు పట్టు ఇండ్లను మే మెరుగుదుము. కడిగిన నీరెచ్చటికి పోయినదని అడుగువారు లేరు. కొబ్బరితోటలో ఒక మూల కౌలున కిచ్చు భూస్వామి, అందేమి నిలువచేయుదురో, ఎన్నాళ్లుంచుదురో, పోవునపుడు నేలను బాగుచేయువా రెవరో పత్రమున వ్రాయించుకొనుచున్నాడా? ఎకరమున కెంతయని మాత్రమే అడుగుచున్నాడు. ఈ మాట కొందరు పాఠకులకు కష్టముగా తోచవచ్చును; అయినను వ్రాయక తప్పలేదు.

అమలాపురము కలెక్టరుగారిని, కాలుష్య నియంత్రణ మండలిని మేము కోరున దొక్కటే. ఏ గ్రామమున ఏ వ్యర్థము ఎన్ని పీపాలున్నదో, ఏ తేదీనుండి యున్నదో తెలుపు పట్టిక ఆ పంచాయతీ కార్యాలయపు గోడపై తెలుగులో వేయించుడు. వచ్చు వరదకు ముందే వేయించుడు.