లయే నాయకత్వం

జాజ్ బృందంలో డ్రమ్మర్ పని తాళం తప్పకుండా చూడటమేననీ, నాయకత్వం ట్రంపెట్‌కో శాక్సఫోన్‌కో చెందుతుందనీ చాలామంది నమ్మకం. డ్రమ్మర్ బిల్లీ హార్ట్ క్వార్టెట్‌ను శ్రద్ధగా వింటే ఆ నమ్మకం నిలవదు. 1940లో వాషింగ్టన్‌లో పుట్టిన హార్ట్, 1970ల తొలినాళ్లలో హెర్బీ హాన్‌కాక్ ‘మ్వాందిషి’ బృందం ప్రయోగాల్లో పాలుపంచుకున్నారు. 2003లో కూడిన ఈ క్వార్టెట్‌లో పియానిస్టు ఈథన్ ఐవర్సన్, శాక్సఫోన్ వాయించే మార్క్ టర్నర్, బాస్ వాయించే బెన్ స్ట్రీట్ ఆయన కన్నా ఓ తరం చిన్నవాళ్లు.

బాణీలు కట్టినవాడే కదా నాయకుడు అన్నది మొదటి ఆక్షేపణ. హార్ట్ స్వయంగా బాణీలు కట్టారు. 2012లో వచ్చిన ‘ఆల్ అవర్ రీజన్స్’ ఆల్బంలో మిగతావాళ్ల బాణీలకూ చోటిచ్చారు. అంతమాత్రాన నాయకత్వం పలచబడదు. డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ బృందం ‘జాజ్ మెసెంజర్స్’కు పేరు తెచ్చిన ‘మోనిన్’ బాబీ టిమన్స్‌ది; తర్వాతి రచనల్లో ఎన్నో వేన్ షార్టర్‌వి. అయినా అది బ్లేకీ బృందమని వినగానే తెలుస్తుంది. సోలో వాయించేవాడి వెనుక ఎప్పుడు ఉద్ధృతి పెంచాలో, ఎప్పుడు తగ్గాలో తేల్చేది డ్రమ్మరే.

బ్లేకీలా బృందాన్ని ముందుకు తోయని హార్ట్‌ను నాయకుడనవచ్చా అన్నది రెండో ఆక్షేపణ. స్వింగ్ లయలో డ్రమ్మర్ కుడిచేయి రైడ్ సింబల్‌పై నడక పట్టుకుంటుంది. ఎడమపాదం రెండో, నాలుగో దెబ్బల మీద హై-హ్యాట్ మూస్తుంది. హార్ట్ తరచూ ఈ నడకను విడగొట్టి సింబల్స్‌కూ డ్రమ్ములకూ పంచుతారు. లయ పోదు, దాన్ని మోసే బాధ్యత నలుగురిదీ అవుతుంది. ఇది పట్టు సడలడం కాదు. అతి నెమ్మదైన పాటలకు పేరుపొందిన గాయని షర్లీ హార్న్‌కు యువకుడిగా తాళం వేసిన మనిషి ఆయన. దెబ్బకూ దెబ్బకూ మధ్య అంత దూరాన్ని నిలబెట్టగలిగినవాడికే తాళాన్ని వదలడం చేతనవుతుంది.

ఈ క్వార్టెట్ వాయించే పోస్ట్‌బాప్ జాజ్‌లో రాసిపెట్టిన బాణీ ఆరంభం మాత్రమే. రచన వాయిస్తుండగానే పూర్తవుతుంది. అలాంటి సంగీతంలో గమనాన్ని మలిచేవాడు సహరచయిత. 2022లో అమెరికా ప్రభుత్వ కళాసంస్థ హార్ట్‌ను ‘జాజ్ మాస్టర్’గా గౌరవించింది. సమీక్షకులు ఇంకో అడుగు వేయాలి: డ్రమ్మర్‌కు చివర్లో ఓ మెచ్చుకోలు వాక్యం పడేసి ఊరుకోకుండా, ఆ సంగీతం రూపుకట్టిన తీరును ఆయన వాద్యం నుంచే వివరించాలి.