నమ్మకమే పూచీకత్తు

కార్తీకమాసం ప్రవేశించి చలిగాలి తగలడం మొదలయ్యేసరికి హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలలో ఏదో ఒక మైదానం ప్రక్కనో, రద్దీగా ఉండే బాట అంచుననో స్వెట్టర్ల దుకాణాలు వరుసగా వెలుస్తాయి. నాలుగు వెదురు బొంగులు, పైన ఒక టార్పాలిన్, త్రాళ్లపై వ్రేలాడే శాలువలు, మంకీ క్యాపులు, పసిపిల్లల ఉన్ని చొక్కాలు. పొడవాటి గౌను వంటి దుస్తుపై అడ్డచారల గుడ్డను ముందుకు కట్టుకొన్న నడివయసు స్త్రీలు బేరమాడుతుంటారు. బేరానికి చాలినంత తెలుగు వారికి వచ్చు. కొనేవారిలో పలువురు వారిని నేపాలీలనుకొంటారు. సంక్రాంతి దాటి ఎండ చురుక్కుమనేసరికి ఆ దుకాణాలు కనిపించవు. మళ్లీ మరుసటి కార్తీకం దాకా వారిని గురించి ఎవరూ తలచుకోరు.

వారు నేపాలీలు కారు. టిబెట్టు నుండి వచ్చిన కాందిశీకులు, వారి సంతతివారు. వారు అమ్మే సరుకులో అధికభాగం టిబెట్టులో అల్లినదీ కాదు. అది పంజాబులోని లూధియానా మిల్లులలో తయారవుతుంది. విశేషమేమంటే, ఆ మిల్లుల యజమానులు దశాబ్దాలుగా ఈ వర్తకులకు పెద్ద మొత్తాల సరుకును అరువుగా ఇస్తున్నారు. సీజను ముగిసిన తరువాత వీరు లెక్క చూసి బాకీ తీరుస్తారు. తనఖా పెట్టడానికి వీరికి సొంత భూమి లేదు. చాలామందికి ఏ దేశపు పౌరసత్వమూ లేదు. అటువంటివారిని నమ్మి, దేశం నలుమూలలకూ సరుకు మోసుకుపోనిచ్చే ధైర్యం ఆ వ్యాపారులకు ఎక్కడిది?

తెలుగులో అప్పుకూ, మంచిపేరు వలన కలిగే పలుకుబడికీ ఒకటే మాట ఉన్నది: పరపతి. ఇల్లూ వాకిలీ విడిచి వచ్చినవాడు కోల్పోయే వస్తువులలో మొదటిది ఇదే. క్రొత్తచోట అతని తండ్రి ఎవరో, అతని మాట ఎంతటి గట్టిదో ఎరిగినవారు ఉండరు. పోయిన పరపతిని ఒక జనసమూహం తిరిగి ఎట్లా సంపాదించుకొన్నదో తెలియాలంటే కర్ణాటకలోని బైలకుప్పె కథ వినవలసి ఉంటుంది.

మూడువేల ఎకరాల అడవి

1959 మార్చిలో దలైలామా లాసా నగరం విడిచి భారతదేశం చేరుకొన్నారు. ఆయన వెనుక సుమారు 80 వేలమంది హిమాలయాలు దాటి వచ్చారు. వారికి మొదట అస్సాంలోని మిస్సమారిలోను, బెంగాలులోని బక్సాలోను శిబిరాలు ఏర్పడ్డాయి. పన్నెండువేల అడుగుల ఎత్తున, చలిదేశంలో పుట్టి పెరిగినవారు ఆ మైదానాల ఉక్కకు తాళలేకపోయారు. జబ్బులు ప్రబలాయి. వేలాదిమందిని కొండప్రాంతాలలో రోడ్లు వేసే పనికి పంపారు. రోజుకూలితో పొట్ట గడిచింది గాని, పని ముగిసినచోటల్లా గుడారం ఎత్తవలసి వచ్చేది. పిల్లల చదువు, ముసలివారి వైద్యం, పండుగ, పూజ ఏదీ నిలకడగా సాగే మార్గం లేకపోయింది.

ప్రధాని జవాహర్‌లాల్ నెహ్రూ భూమి ఇవ్వవలసిందిగా రాష్ట్ర ప్రభుత్వాలను కోరారు. ముందుకు వచ్చినవాటిలో నాటి మైసూరు రాష్ట్రానిది పెద్ద చేయి. మైసూరు జిల్లా పిరియాపట్నం తాలూకాలో, కొడగు సరిహద్దు సమీపాన, బైలకుప్పె వద్ద సుమారు మూడువేల ఎకరాలను అది కౌలు పద్ధతిపై కేటాయించింది. 1960 చివరలో మొదటి జట్లు అక్కడికి చేరుకొన్నాయి.

మూడువేల ఎకరాలంటే ఘనంగానే వినిపిస్తుంది. కాని అక్కడ వారికి ఎదురైనది పొలం కాదు, అడవి. చెట్లు నరకాలి, మోళ్లు పెకలించాలి, తుప్పలు తగులబెట్టాలి. ఎండకు తోడు ఆ మంటల సెగ. బార్లీ పండించి, జడలబర్రెలను మేపినవారికి మొక్కజొన్న, రాగి పైరుల మర్మం తెలియదు. తెలిసి పండించిన పంటను అడవి ఏనుగులు వచ్చి తొక్కిపోయేవి. కొత్త నేల మీద మొదటి ఏళ్లు కన్నీటితోనే గడిచాయని ఆనాటివారు చెప్పుకొనేవారు.

దానం కాదు, పొత్తు

ఆ స్థితి నుండి ఊరు నిలబడడానికి ఏ ఒక్కరి ఔదార్యమూ కారణం కాదు. రాష్ట్రం భూమి ఇచ్చింది. కేంద్రం ఇళ్లకు, తొలినాళ్ల తిండికి డబ్బు సమకూర్చింది. స్విట్జర్లాండు మొదలైన దేశాల సహాయసంస్థలు యంత్రాలను, వ్యవసాయ నిపుణులను పంపాయి. పనిచేసిన చేతులు మాత్రం కాందిశీకులవే. మనిషికి దాదాపు ఒక ఎకరం చొప్పున భూమిని పంచుకొన్నారు. దున్నకానికి ట్రాక్టర్లు, పంట అమ్మకానికి ఏర్పాట్లు, పాడిపశువులు, తివాచీల నేత, చిల్లర దుకాణాలు ఇవన్నీ సహకార సంఘం చేతికి వచ్చాయి. సంఘానికి సభ్యులూ వారే, లెక్కలు అడిగేవారూ వారే.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటి ఉన్నది. సాధారణంగా శిబిరంలో ఉన్నవానికి రేషను ఇస్తారు, దుప్పటి ఇస్తారు, పెత్తనం ఇవ్వరు. ఏండ్ల తరబడి చేయి చాచినవానికి చేయి చాచడమే అలవాటవుతుంది. బైలకుప్పెలో మొదటినుండి బాధ్యతను వారిపైనే ఉంచారు. తప్పులు జరిగాయి, కొన్ని పరిశ్రమలు నష్టాలపాలయ్యాయి. అయినా నష్టం మనదే, లాభం మనదే అన్న జ్ఞానం వారికి కలిగింది.

రెండవ విషయం ఇరుగుపొరుగుకు సంబంధించినది. నిన్నటిదాకా అడవిగా ఉన్నచోట ట్రాక్టరు తిరుగుతుంటే, చుట్టుప్రక్కల పల్లెలలోని పేదరైతుకు కడుపు మండడం సహజం. “మా తాతముత్తాతలు ఇక్కడే పుట్టారు, మాకు లేని ఎకరం నిన్న వచ్చినవానికా?” అన్న ప్రశ్నకు ఉపన్యాసాలతో సమాధానం చెప్పలేము. సమాధానం బ్రతుకుతెరువులోనే దొరకాలి. కాలక్రమాన కన్నడ కూలీలకు ఆ పొలాలలో పని దొరికింది. ఆ ఆసుపత్రులలో పొరుగూళ్ల రోగులకూ వైద్యం అందింది. అంగళ్లలో కొనుగోళ్లు ఇరువైపులా సాగాయి. 1963లో మొదలైన నాండ్రోలింగ్ మఠం నేడు బంగారు ఆలయంగా పేరు పొంది, కొడగు చూడబోయే యాత్రికులందరికీ మజిలీ అయింది. ఆ యాత్రికులలో తెలుగువారు కొల్లలు. వారిని తీసుకువచ్చే ఆటోవాడు, వారికి అన్నం పెట్టే హోటలువాడు ఎక్కువగా స్థానికులే.

ఆ ఊరి అనుభవం తరువాత ముండ్‌గోడు మొదలైన చోట్ల కాలనీలకు దారి చూపింది. ఒడిశాలో శ్రీకాకుళం జిల్లా పొరుగుననున్న చంద్రగిరి కొండలలోనూ 1963లో అటువంటి కాలనీ ఏర్పడింది.

పాఠం పల్లెకు చేరిన తీరు

ఈ కథలో తెలుగువారికి అంతగా తెలియని ఘట్టం ఒకటున్నది. కర్ణాటకలో టిబెటన్ల పునరావాసానికి ప్రభుత్వంతో కలిసి పనిచేయడానికి 1968లో ఒక స్వచ్ఛంద సంస్థ పుట్టింది. దాని సంక్షిప్తనామం మైరాడా. 1982 ప్రాంతాన ఆ పని ముగింపుకు రాగా, సంస్థ తన దృష్టిని పూర్తిగా దక్షిణాది పల్లెలలోని పేదల వైపు మళ్లించింది. అనంతపురం ప్రాంతంలోని కదిరి, మడకశిర కూడా దాని కార్యక్షేత్రాలలో చేరాయి.

అక్కడ అది మొదట పెద్ద సహకార సంఘాలనే నమ్ముకొన్నది. అవి నిలువలేదు. ఊరి పెద్దల పట్టులో చిక్కి చీలిపోయాయి. 1984–85 ప్రాంతంలో కొందరు సభ్యులు చిన్న చిన్న జట్లుగా సంస్థ వద్దకు వచ్చి, “తీసుకొన్న అప్పు తీరుస్తాము. కాని ఆ పెద్ద సంఘానికి కట్టము” అన్నారు. అయితే ఆ డబ్బును మీ జట్టులోనే ఉంచి, మీరే త్రిప్పుకోండి అన్నది సంస్థ. ఒకరినొకరు ఎరిగిన పదిహేను ఇరవైమంది, వారం వారం కూడి, కొద్దికొద్దిగా పొదుపు చేసి, తమలో అక్కరగలవారికి అప్పు ఇచ్చుకోసాగారు. కాగితం మీది హామీకి బదులు పొరుగువారి ఎరుకే పూచీ అయింది. 1987లో నాబార్డు ఈ ప్రయత్నానికి పదిలక్షల రూపాయల సాయం అందించింది. 1992లో దేశవ్యాప్తంగా 500 సంఘాలను బ్యాంకులతో జోడించే ప్రయోగాన్ని ప్రారంభించింది.

అదే కాలంలో నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేకోద్యమం సాగించిన స్త్రీలు పొదుపు ఉద్యమానికి నడుం కట్టారు. ద్వాక్రా సంఘాలు ఊరూరా వ్యాపించాయి. ఆ మహాప్రవాహానికి మూలాలు అనేకం. తెలుగు స్త్రీల స్వీయపోరాటం అందులో ప్రధానమైనది. అయితే బ్యాంకును సంఘం వాకిటికి రప్పించిన పాయకు ఊట, ఒకప్పుడు కాందిశీకులకు ఇళ్లు కట్టించడానికి పుట్టిన సంస్థలో ఉన్నదని తెలిస్తే, శరణార్థి అంటే భారమేనన్న అభిప్రాయాన్ని మరొకసారి తర్కించుకోవలసి వస్తుంది.

నాణెం మరొక వైపు

ఈ కథను పూలబాటగా చిత్రిస్తే సత్యానికి అపచారం జరుగుతుంది. 1994 ఏప్రిల్‌లో ధర్మశాల వద్ద ఒక ఘర్షణలో స్థానిక గద్దీ యువకుడొకడు టిబెటను యువకుని చేతిలో మరణించాడు. కోపించిన గుంపులు టిబెటన్ల అంగళ్లపై పడ్డాయి. ముప్పై ఐదేళ్ల సహవాసం ఒక్క దినంలో బీటలు వారింది. దలైలామా తాను ఆ ఊరు విడిచిపోతానన్నారు. స్థానిక ప్రముఖులే వెళ్లవద్దని వేడుకొన్నారు. పరిస్థితి సర్దుకొన్నది. కాని ఒకే బజారులో ఒకరికి సంపద పెరిగి, ప్రక్కవానికి పెరగకపోతే, స్నేహం ఎంత పలుచనిదో ఆ సంఘటన తెలియజెప్పింది.

చట్టం సంగతి మరొకటి. 1951 నాటి అంతర్జాతీయ శరణార్థుల ఒడంబడికపై భారతదేశం సంతకం చేయలేదు. శరణార్థులకు ప్రత్యేకమైన చట్టం లేదు. టిబెటన్ల వద్ద ఉండేది రిజిస్ట్రేషను పత్రం. దానిని నిర్ణీతకాలానికొకసారి పునరుద్ధరించుకోవాలి. కాలనీల భూమి కౌలుదే. 2014లో కేంద్రప్రభుత్వం ప్రకటించిన టిబెటన్ పునరావాస విధానం కౌలుకు ఇరవై ఏళ్ల స్థిరత్వం కల్పించి, సంక్షేమ పథకాలు అందేలా చూడమని రాష్ట్రాలకు సూచించింది. 1950 జనవరి 26కూ 1987 జూలై 1కీ మధ్య ఈ దేశంలో పుట్టినవారు జన్మతః పౌరులేనని 2010లో ఢిల్లీ హైకోర్టు, 2013లో కర్ణాటక హైకోర్టు తీర్పు చెప్పాయి. అయినా పౌరసత్వం తీసుకొంటే స్వదేశపు ఆశ వదులుకొన్నట్లవుతుందేమోనన్న సంకోచం పలువురిని వెనుకకు లాగుతున్నది.

అందరికీ బైలకుప్పె దక్కలేదు కూడా. 1983 తరువాత శ్రీలంక నుండి వచ్చిన తమిళులలో ఎందరో తమిళనాడు శిబిరాలలో దశాబ్దాలు గడిపారు. భాష ఒకటే అయినా భూమి లేదు. హైదరాబాదు బాలాపూరు పరిసరాలలోని రోహింగ్యాలకు కౌలు పత్రం కూడా లేదు. గుడిసెకు అద్దె, పాత సామాను ఏరుకొనే పని, స్వచ్ఛంద సంస్థల సాయం, రేపటి మాటేమిటన్న భయం ఇవే వారి లోకం. వారిని గురించి ఎవరి అభిప్రాయం ఏదైనా కావచ్చు. కాని బాధ్యత ఇవ్వక, పని ఇవ్వక, పొరుగువారితో ముడి వేయక ఉంచిన మనుషులు సమాజానికి చుట్టాలు కాలేరన్నది మాత్రం అనుభవం చెప్పే మాట.

ఈ బాధ తెలుగువారికి పరాయిది కాదు. 1942లో జపాను బాంబులకు వెరచి బర్మా అడవులగుండా కాలినడకన వచ్చినవారిలో, 1964లో అక్కడి సైనిక ప్రభుత్వం అంగళ్లనూ ఆస్తులనూ స్వాధీనం చేసుకోగా కట్టుబట్టలతో ఓడ ఎక్కినవారిలో వేలాది తెలుగు కుటుంబాలున్నాయి. స్వదేశానికి వచ్చినా వారిది తొలుత శిబిరవాసమే.

మిగిలిన ప్రశ్న

ఇప్పుడు బైలకుప్పెలో వృద్ధులు ఎక్కువ, యువకులు తక్కువ. చదువుకొన్నవారు బెంగళూరుకో, అమెరికా, కెనడా, ఐరోపా దేశాలకో తరలిపోతున్నారు. 2009 నాటి వారి సొంత గణన ప్రకారం భారతదేశంలోని టిబెటన్లు సుమారు 94 వేలు. తరువాత ఆ సంఖ్య తగ్గుతూ వచ్చింది. తాతలు అడవి కొట్టి సాగుచేసిన ఎకరాలలో కొన్నిటిని కన్నడ రైతులు పాలుకు చేస్తున్నారు. మూడవతరానికి ఆ ఊరు తల్లిగారిల్లా, మజిలీయా అన్నది వారే తేల్చుకోవలసిన విషయం.

అయితే ఒకటి తేలిపోయింది. ఆశ్రయం ఇవ్వడానికి ప్రభుత్వపు ఒక్క ఉత్తర్వు చాలును. ఆశ్రితుడు పొరుగువాడు కావడానికి ఒక తరం పడుతుంది. ఆ పని ఢిల్లీలో జరగదు. తాలూకా కచేరీలో, సహకార సంఘం లెక్కల పుస్తకంలో, ఆసుపత్రి వరుసలో, పొలంగట్టు మీద జరుగుతుంది.

రాబోయే చలికాలంలో స్వెట్టరు బేరమాడేవారు ఒక్క క్షణం ఆగి, “ఏ ఊరమ్మా మీది?” అని అడిగి చూడవచ్చు. బైలకుప్పె అనో, ముండ్‌గోడు అనో బదులు వస్తుంది. ఎన్నడూ చూడని లాసా పేరు ఆ మాటలో వినిపించకపోవచ్చు. ఆ స్వెట్టరు వెల ఇంకా లూధియానాలో బాకీగానే ఉండి ఉంటుంది. సీజను ముగిశాక అది చెల్లుతుంది. ఊరు కోల్పోయినవారికి ఒక ఊరి పేరు, ఆస్తి లేనివారికి పరపతి సమకూరిన చోట, పునరావాసమన్న మాటకు అర్థం నెరవేరినట్లే.