మణికట్టులో ఓ బిలం

అర్ధరాత్రి దాటాక మెలకువ వస్తుంది. కుడిచేయి తనది కానట్టుంటుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు... మూడింటిలోనూ చీమలు పాకుతున్నట్టు, సూదులు గుచ్చుతున్నట్టు. లేచి కూర్చుని చేతిని గట్టిగా విదిలిస్తే కాసేపటికి సర్దుకుంటుంది. మళ్లీ కన్ను అంటుకునేలోగా అదే వరస. పక్కనున్న ఇల్లాలికి భయం, ‘పక్షవాతం కాదు గదా?’ అని. తెల్లారగానే ఇంట్లో పెద్దామె తీర్పు చెప్పేస్తుంది: ‘నరం పట్టుకునింది నాయనా, ఎవరితోనన్నా లాగిపిచ్చుకోపో!’

లాగించుకోవాలా, వద్దా?

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల పేరు చెబితే రెండు గుర్తొస్తాయి. ఒకటి నాపరాయి, రెండోది బెలూం గుహలు. రెండూ సున్నపురాయి చలవే. బిలం అన్న మాటే బెలూం అయిందంటారు. 3,229 మీటర్ల పొడవైన ఆ గుహల్లోకి వెళ్లొచ్చినవాళ్లకు తెలుసు... విశాలంగా ఉన్న దారి ఉన్నట్టుండి ఇరుకైపోతుంది. తల వంచాలి, ఒళ్లు ఒదిగించాలి. మనిషి మణికట్టు లోపల కూడా అలాంటి ఇరుకు దారే ఒకటుంది. అడుగున వంపు తిరిగిన చిన్న చిన్న ఎముకలు, పైకప్పుగా అడ్డంగా బిగిసిన గట్టి పట్టీ. ఆ సందులోంచే వేళ్లను ముడిచే తొమ్మిది కండర తాళ్లు, వాటితోపాటు మీడియన్ అనే నరం వెళ్లాలి. తాళ్ల చుట్టూ ఉన్న పొర వాచిందనుకోండి. ఎముక జరగదు, పట్టీ సాగదు. చివరికి నలిగేది నరమే! దీన్నే డాక్టర్లు కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటారు.

గుర్తుపట్టడానికి చిటికెనవేలు మంచి సాక్షి. దానికి స్పర్శనిచ్చే నరం వేరు, అది ఈ సందులోంచి పోదు. అందుకే మిగతా వేళ్లు మొద్దుబారినా చిటికెనవేలు మామూలుగానే ఉంటుంది. అదీ తిమ్మిరెక్కుతుంటే, మెడ నుంచి నొప్పి దిగుతుంటే కారణం ఇంకోచోట ఉండొచ్చు. ఉన్నట్టుండి చేయితోపాటు మూతి వంకరపోయినా, మాట తడబడినా అది వేరే కథ. క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

దీనికి కంప్యూటరు జబ్బని పేరు పడిపోయింది. నిజానికి కీబోర్డు మీద మోపిన నేరానికి సాక్ష్యం అంత గట్టిగా లేదు. అదిరే యంత్రాన్ని గంటల తరబడి పట్టుకోవడం, మణికట్టు వంచి బలంగా బిగించి పట్టడం, అదే పని మళ్లీ మళ్లీ చేయడం... వీటి మీదున్న సాక్ష్యమే గట్టిది. బండను అంచు పట్టి ఎత్తేవాళ్లు, గ్రైండరుతో అంచులు అరగదీసేవాళ్లు రోజూ చేసేది అదే కదా! అలాగని రాతిపని వాళ్లకే పరిమితం కాదు. మగవాళ్లకన్నా ఆడవాళ్లలోనే ఇది ఎక్కువ. మధుమేహం, థైరాయిడ్ లోపం, కీళ్లవాతం, స్థూలకాయం ఉన్నా రావొచ్చు. గర్భిణులకు వచ్చినది చాలాసార్లు కాన్పు తర్వాత దానంతటదే తగ్గుతుంది.

ఇక లాగించుకోవడం సంగతి. రాయలసీమలో ఎముక విరిగితే పుత్తూరు కట్టు గుర్తురావడం సహజం. కానీ ఇక్కడ విరిగిందేమీ లేదు, కట్టడానికి! ఈ మధ్య పట్నాల్లో వినిపిస్తున్న మరో పేరు కైరోప్రాక్టిక్. ఫోన్లో వీడియోలు చూసే కుర్రకారుకు బాగా తెలుసు. మెడ ఓ పక్కకు తిప్పుతారు, టక్కున శబ్దం, పడుకున్న మనిషి ముఖంలో హాయి. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్ ఊళ్లో డానియల్ డేవిడ్ పామర్ మొదలుపెట్టిన విద్య ఇది. అక్కడ ఏళ్ల తరబడి చదివి, లైసెన్సు తీసుకుని చేస్తారు. మన దగ్గర డాక్టర్లకు ఉన్నట్టు వీళ్లకు ప్రత్యేక వైద్యమండలి లేదు. బోర్డు వెనకున్న చదువేమిటో అడిగి తెలుసుకోవాల్సింది మనమే. అన్నట్టు ఆ టక్కుమనే చప్పుడు ఎముక చోటుకొచ్చిన చప్పుడు కాదు. కీలు మధ్య ద్రవంలో వాయువు చేసే సందడి.

మరి మణికట్టు జబ్బుకు ఇది పనిచేస్తుందా? 1998లో అమెరికాలో 91 మందిపై ఓ పరీక్ష జరిగింది. సగం మందికి కైరోప్రాక్టిక్, అల్ట్రాసౌండ్ చికిత్స. మిగతా సగానికి ఐబుప్రొఫెన్ మాత్రలు. తొమ్మిది వారాల తర్వాత ఇరువర్గాలూ తేరుకున్నాయి, పెద్ద తేడా లేదు. దీన్ని చూపించి ‘మాత్రలతో సమానం’ అని చెప్పేవాళ్లున్నారు. అసలు విషయం అందులో ఓ మూలన ఉంది. ఇరువర్గాలకూ రాత్రిళ్లు మణికట్టుకు పట్టీ కట్టారు! ఏ చికిత్సా ఇవ్వని వర్గం అందులో లేదు. తగ్గించింది చేతివాటమా, మాత్రా, పట్టీయా, కాలమా... తేల్చేదెలా? ఒళ్లు పట్టించుకుంటే హాయిగా ఉండటం వేరు, నలుగుతున్న నరానికి చోటు దొరకడం వేరు. చేతి తిమ్మిరికి మెడ విరిపించుకోవడం మాత్రం అనవసరపు సాహసం. అరుదుగానే అయినా మెడలోని రక్తనాళం చిట్లి పక్షవాతం వచ్చిన సందర్భాలున్నాయి.

ఆ పట్టీని స్ప్లింట్ అంటారు. మందుల షాపుల్లో, సర్జికల్ దుకాణాల్లో దొరుకుతుంది. పని ఏమిటంటే, నిద్రలో మణికట్టు ముడుచుకోకుండా నిటారుగా ఉంచడం, అంతే. మొదట్లోనే పట్టుకుంటే కొన్ని వారాలు రాత్రిపూట కట్టుకోవడంతోనే చాలామందికి ఉపశమనం. అప్పటికీ తగ్గకపోతే డాక్టరు మణికట్టులో స్టెరాయిడ్ ఇంజెక్షను ఇస్తారు. నరంలో కరెంటు ఎంత వేగంగా పోతుందో చూసే పరీక్ష కూడా ఉంది, దానికి కర్నూలు లాంటి పెద్ద ఊరు వెళ్లాల్సి రావొచ్చు. షుగరు, థైరాయిడ్ పరీక్షలు మాత్రం దగ్గర్లోనే అయిపోతాయి.

భయపడాల్సింది నొప్పికి కాదు, నొప్పి పోయి బలం తగ్గడానికి. నెలల తరబడి నరం నలిగితే బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే కండ కరిగి పల్లమవుతుంది. చొక్కా గుండీ పెట్టుకోలేరు, చిల్లర నాణెం పట్టుకోలేరు, గ్లాసు జారిపోతుంది. ఆ కండ ఒకసారి పోయాక ఆపరేషను చేసినా పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు. లాగించుకుంటూ, పసర్లు పూయించుకుంటూ గడిపే ఏడాదికి అసలు ఖరీదు అదే.

ఆపరేషను పెద్దదేం కాదు. చేతికి మాత్రమే మత్తిచ్చి, పైకప్పుగా ఉన్న పట్టీని కోసి నరానికి చోటు చేస్తారు. చాలావరకు అదే రోజు ఇంటికి. అయినా కూలి మీద బతికే మనిషి నోట వచ్చే మొదటి ప్రశ్న వేరు: ‘ఎన్నాళ్లు ఇంట్లో కూచోవాల సార్?’ తేలిక పనులకు రెండు మూడు వారాలు. బండలెత్తడానికి, గ్రైండరు పట్టడానికి ఆరు వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే. రెండు చేతులకూ ఉంటే ఒకటయ్యాక ఒకటి చేయించుకునేవాళ్లే ఎక్కువ. అప్పుడిక ఇంట్లో క్యాలెండరు దించాల్సిందే. పిల్లల ఫీజు ఎప్పుడు కట్టాలి, చీటీ ఎప్పుడు పాడాలి, ఏ చేయి ముందు...