స్పానిష్ విద్యార్థికి తెలుగెందుకు?

నా పూర్వవిద్యార్థి యొకడు ఇటీవల మా యింటికి వచ్చెను. అతడు ఒక కళాశాలలో స్పానిష్ భాషను ప్రధానాంశముగా చదువుచున్నాడు. కుశలప్రశ్నలు ముగిసిన పిదప, "మాస్టారూ, ఇక తెలుగు పుస్తకాలతో నాకు పని లేదండీ. అన్నీ తమ్ముడికి ఇచ్చేశాను" అనెను. నా మనస్సు కొంత నొచ్చినది. అయినను క్రొత్త చదువు ఎట్లున్నదని అడిగితిని. "బాగానే ఉందండీ. ఒక్క చోట మాత్రం తికమక. ఇంగ్లీషులో 'ఈజ్' ఉన్న చోట అక్కడ 'సేర్', 'ఎస్తార్' అని రెండు క్రియలున్నాయి. ఎప్పుడు ఏది వాడాలో తెలియడం లేదు" అనెను.

'ఆయన వైద్యుడు', 'ఆయన ఇంటిలో ఉన్నాడు' అను రెండు వాక్యములను ఆ భాషలో చెప్పుమంటిని. మొదటిదానిని 'సేర్' క్రియతో 'ఎస్ మేదికో' అనియు, రెండవదానిని 'ఎస్తార్' క్రియతో 'ఎస్తా ఎన్ కాసా' అనియు చెప్పెను. తెలుగున మొదటి వాక్యములో క్రియయే లేదు. రెండవదానిలో 'ఉండు' ధాతువు వచ్చినది. ఒక వ్యక్తి యెవరో చెప్పుట వేరు, ఎక్కడ ఎట్లున్నాడో చెప్పుట వేరు. ఈ భేదము మన భాషకును తెలియును, ఆ భాషకును తెలియును. రెంటిని ఒక్క క్రియలో కలిపివేసినది నడుమనున్న ఆంగ్లము. తన యింటి తలుపు తెరచియుండగా పిల్లవాడు పొరుగువారి దొడ్డిదారిని వెదకుచున్నాడు.

ఇట్టి పోలికలు మరికొన్ని కలవు. 'నాకు పుస్తకములు ఇష్టము' అని మనమనునట్లే వారును 'మె గుస్తాన్ లోస్ లిబ్రోస్' అందురు. అందు 'మె' అనగా 'నాకు'. 'వచ్చితిని', 'వచ్చితివి' అన్నచో నేను, నీవు అని వేరుగ చెప్పనక్కరలేదు; ఆ భాషలోను క్రియాంతమే కర్తను తెలుపును. నీవు, మీరు అను మన్ననభేదము 'తూ', 'ఉస్తెద్' అను రూపములలో నున్నది. వారి త, దలు దంత్యములే. ఆంగ్లపు అలవాటుతో ట, డలుగా పలుకుట మనము తెచ్చిపెట్టుకొన్న దోషము.

ఈ పోలికలు ప్రతిచోట సరిపోవు. పుస్తకము పుంలింగము, బల్ల స్త్రీలింగము అను నియమమునకు తెలుగు సహాయపడదు. వాక్యక్రమమును వేరే. ఇరుభాషలకు చుట్టరికము కలదని నా వాదము కాదు. తన భాష తీరు తెలిసినవానికి పరభాష తీరు తొందరగా పట్టువడునని మాత్రమే నా మనవి.

సంస్కృతి విషయమునను ఇంతే. స్పెయిన్ అనగా ఎద్దులపోరు, నాట్యము అని చెప్పి ముగించుట చదువు కాదు. సంస్కృతమందలి 'నారంగము' పారసీకము, అరబ్బీ భాషల మీదుగా పోయి అక్కడ 'నరాన్హ' అయినది, మనకది నారింజ. 'శర్కర' అక్కడ 'అసూకర్', ఇక్కడ చక్కెర. 711లో ఆ దేశమున అడుగిడిన ముస్లిం పాలన 1492లో గ్రనాడా పతనముతో ముగిసినది. నెబ్రిహా స్పానిష్ వ్యాకరణము వెలువడినదియు, కొలంబస్ పడమరకు ఓడ నడిపినదియు ఆ యేటనే. ఆ సముద్రయానముల ఫలితముగనే అమెరికా ఖండపు మిరపకాయ, కాలక్రమమున పోర్చుగీసువారి వలన, మన వంటింటికి చేరినది. ఆ భాష కత్తితోడి అచ్చటికి పోయినదనియు, కెచువా, నహువాత్ల్ వంటి దేశభాషలు నేటికిని నిలిచియున్నవనియు విద్యార్థికి తెలుపవలెను. 1945లో గాబ్రియేలా మిస్త్రాల్‌కు, 1971లో నెరూడాకు, 1982లో మార్క్వెజ్‌కు నోబెల్ బహుమానము వచ్చినది ఆ ఖండపు రచనలకే.

రవీంద్రుని కవిత్వమును 1915 మొదలుగా సెనోబియా కాంప్రుబీ తన భర్త హిమెనెస్ సహాయముతో స్పానిష్ చేసెను. ఆమెకు ఆధారము ఆంగ్లప్రతియే, వంగమూలము కాదు. మన పాఠకులలో పెక్కురు డాన్ క్విక్సోట్‌ను ఎరిగినదియు ఆంగ్లము ద్వారముననే. ఆ మధ్యవర్తికి కృతజ్ఞులమే. కాని యెల్లకాలము మధ్యవర్తి వలననే మాటలాడుకొనుట యేల?

హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమున స్పానిష్ బోధింపబడుచున్నది. అట్టిచోట్ల చదువు మన పిల్లలు మూలమునుండి నేరుగా తెలుగు చేయగలరు. పోతన, గురజాడలను అటు చేర్పగలరు. ఒక భాష నేర్చి రెండవది విడిచినవాడు ఈ పని చేయలేడు. వంతెనకు రెండు ఒడ్డులును కావలెను.

ఉపాధ్యాయ మిత్రులకు నాదొక విన్నపము. విదేశీభాష చదువ గోరు విద్యార్థిని వారింపవలదు, ప్రోత్సహింపుడు. కాని 'ఇక తెలుగెందుకు' అని అతడు అన్ననాడు, పై రెండు వాక్యములను అతని ముందుంచుడు.

నా శిష్యుడు వెళ్లునపుడు గుమ్మము కడ ఆగి, "తమ్ముడి దగ్గర ఆ వ్యాకరణం పుస్తకం మళ్ళీ తీసుకుంటానండీ" అనెను.