చినిగిన సంచి



మన పూతలపట్టు ప్రాంతములో పాడి ఆవే అనేక కుటుంబములకు ఆధారము. ఈ మధ్య మా సంఘములోని ఒక తల్లి పాల బిల్లు డబ్బుతో దాణా కొనబోగా ఖాతాలో 2,400 రూపాయలు తక్కువైనవి. తొమ్మిదవ తరగతి చదువుచున్న కుమారుడు ఫోనులోని ఆట కొరకు 80 రూపాయల చొప్పున ముప్పై మారులు చెల్లించియున్నాడు. కొన్నదేమనగా, ఆటలోని బొమ్మకు చొక్కాలు, తుపాకికి రంగులు. "ఇంత డబ్బు ఖర్చు చేసేముందు అమ్మను అడగవద్దా నాయనా?" అని మేమడిగితిమి. "ఇంత అనుకోలేదు అయ్యగారూ, ఎనభై రూపాయలే గదా అనుకున్నా" అని వాడు ఏడ్చినాడు.

ఆ మాట మమ్మును ఆలోచింపజేసినది. ఆటలకు అదనపు భాగములు అమ్ముట కొత్త కాదు. 2000 సంవత్సరములో 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2' అను కంప్యూటర్ ఆటకు 'ది కాంకరర్స్' అను విస్తరణ వచ్చినది. ఒక్కసారి వెల చెల్లించినవారికి ఐదు కొత్త జాతులు, కొత్త యుద్ధములు లభించినవి. 2006లో 'ఆబ్లివియన్' అను ఆటలో గుఱ్ఱమునకు తొడుగు కవచమును మాత్రమే రెండున్నర డాలర్లకు అమ్మిరి. అనేకులు ఎగతాళి చేసిరి, అయినను కొనినవారున్నారు. అదే ఆటకు 2007లో 'షివరింగ్ ఐల్స్' అను విస్తరణ 30 డాలర్లకు వచ్చినది. అందులో ఒక కొత్త దేశమే యున్నది. పన్నెండు కవచముల వెలకు ఒక దేశము!

పెద్దదంతయు మంచిదనియు, చిన్నదంతయు చెడ్డదనియు మేము చెప్పుట లేదు. అయితే పెద్ద వెల ఇంట్లో అడిగించును, ఆగి ఆలోచింపజేయును. ఎనభై రూపాయలకు ఎవరును ఆగరు. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు బోధించెను (లూకా 14:28). చిల్లర వెల మనలను కూర్చుండనియ్యదు. హగ్గయి ప్రవక్త చెప్పిన చినిగిన సంచి ఇటువంటిదే (హగ్గయి 1:6).

పిల్లవానినే నిందింపవద్దు. ఫోను చేతికిచ్చినది మనమే, పిన్ నంబరు చెప్పినదియు మనమే. ఇకమీదట ఆ నంబరును మన యొద్దనే ఉంచుకొందము. శనివారము రాత్రి కుటుంబ ప్రార్థనకు ముందు పిల్లలను కూర్చుండబెట్టుకొని ఆ వారపు లెక్క చూతము. ఆట కొనవలెనని ఆశపడితే, డబ్బు కూడబెట్టి, అడిగి, పూర్తియైన దానిని ఒక్కసారి కొననిత్తము.

ఆ కుమారుడు ఇప్పుడు తెల్లవారుజామున ఆవుకు గడ్డి కోసి తెచ్చుచున్నాడు. ఒక్కొక్క మోపుకు తల్లి నోటు పుస్తకములో ఒక్కొక్క గీత గీయుచున్నది. ముప్పై గీతలు పూర్తియైన నాడు బాకీ తీరినట్లే. వాడు ఎనభై రూపాయల బరువు ఎంతో తెలిసికొనుచున్నాడు.

ప్రభువు మీ గృహములను దీవించును గాక. ఆమేన్.